నడుస్తూ తీసిన కొలతలు

మా నాన్నకి ప్యాంటు బిగుతు కావడమంటే ఏమిటో తెలియదు. పందొమ్మిదేళ్ళుగా ఆయన నడుం ముప్పై నాలుగు అంగుళాలేనని మా ఇంట్లో అందరం నమ్మాం. అందరమంటే ముగ్గురం: నాన్న, అమ్మ, నేను. నాన్న టైలరు. వీధి మొదట్లో ఒక గది, గదిలో ఒక కుట్టు మిషను, ఒక బల్ల, నిలువుటద్దం. తన ప్యాంట్లు తనే కత్తిరించుకుంటాడు. వాటిని కుట్టి ముగించడం, హుక్కులు పెట్టడం, ఉతకడం, ఇస్త్రీ చేయడం అమ్మ పని. తన వయసువాళ్ళు గుండీ పట్టడం లేదంటూ ప్యాంట్లు పట్టుకుని దుకాణానికి వస్తే, "ఏం తింటున్నారు సార్ ఇంతలా," అని జాలిపడుతూ కుట్లు విప్పేవాడు. మరి ఆయనకి పొట్ట కనిపించేది కాదా అని మీరు అడగొచ్చు. కనిపించేది. అది చొక్కా కత్తిరింపులో లోపం అనేవాడు.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. చదివింది చరిత్ర. అయినా మందుల చీటీలు, కరెంటు ఆఫీసు నోటీసులు, మిక్సీ డబ్బాలో వచ్చిన కాగితాలు, అన్నీ నా చేతికే వస్తాయి. "చదువుకున్నదానివి, చూడు," అంటారు. చూస్తాను. అర్థం కాకపోతే అర్థమైనట్టు ముఖం పెట్టి, మర్నాడు ఆఫీసులో ఎవరినైనా అడిగి వచ్చి చెబుతాను. నేనొక బడిలో గుమాస్తాని. అందుకే మా హెడ్మాస్టరు గారి తెల్లచొక్కాకి నాన్న జేబు కుడివైపు కుట్టి పంపినప్పుడు, సంజాయిషీ చెప్పుకోవలసింది కూడా నేనే అయింది.

"ఆయనది ఎడమచేతి వాటమేమో అనుకున్నాను," అన్నాడు నాన్న, నేను ఇంటికొచ్చి అడిగితే.

"కాదు నాన్నా. నీకు సరిగ్గా కనిపించలేదు."

"జేబు బాగానే కనిపించింది. వైపే కాస్త మసగ్గా ఉంది."

అప్పుడు అమ్మ నోరు విప్పింది. రెండు నెలలుగా సూదుల్లో దారం తనే ఎక్కిస్తోందట. రోజూ పొద్దున పది సూదులకి పది రంగుల దారాలు ఎక్కించి, సూదుల దిండుకి గుచ్చి, టిఫిన్ డబ్బాతో పాటు పంపిస్తోందట. నాన్న నేల చూపులు చూశాడు. మర్నాడే ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ ముందు రక్తం తీయించారు, కళ్ళలో మందు వేసి చూశారు, తర్వాత నాన్నని కాటా ఎక్కించారు. తొంభై రెండు కిలోలు. నాన్న దిగి, కాటా కింద ఏమైనా ఇరుక్కుందేమోనని వంగి చూశాడు. ఆవిడ టేపు తీసి ఆయన పొట్ట చుట్టూ పెట్టి, "నలభై ఒకటి," అన్నారు.

"మీ టేపు ముడుచుకుపోయింది మేడం. ఎండలో పెట్టుంటారు," అన్నాడు నాన్న. "నాది ముప్పై నాలుగు. ఈ ప్యాంటు ఆ కొలతకి నేనే కత్తిరించాను. గుడ్డ అబద్ధం చెప్పదు."

డాక్టరమ్మ గుడ్డ జోలికి పోలేదు. రక్తంలో చక్కెర ఎంత ఉందో చెప్పారు. అంత ఉంటే మనిషి తియ్యగా ఉండాలి, కానీ నాన్న ముఖం చేదుగా అయింది.

"రోజంతా కూర్చునే ఉంటారా?" అని అడిగారావిడ.

"మా పనే అది మేడం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ముప్పై ఏళ్ళుగా కూర్చునే తింటున్నా. ఈ ఒక్క కొండ మాత్రం కరగలేదు," అన్నాడు నాన్న పొట్ట తడుముకుంటూ. చొక్కా లోపమని అప్పుడే మర్చిపోయాడు.

ఆవిడ నవ్వలేదు. "మూడు నెలలు చూస్తాను. మందులు వేసుకోండి. రోజూ పొద్దున గంట నడవండి. చెట్లున్న చోట నడవండి, దూరంగా చూస్తూ నడవండి. చక్కెర దిగకపోతే కంటి వెనక సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. అప్పుడు సూది సంగతి మర్చిపోవడమే."

తిరిగి రాగానే నాన్న దుకాణం తెరిచి, మిషను ముందు కూర్చుని, తొక్కకుండా ఊరికే చక్రం మీద చెయ్యి పెట్టుకున్నాడు. మా నాన్నకి చావంటే పెద్ద భయం లేదు. అది ఎప్పుడూ పక్క వీధిలో ఎవరికో వచ్చేదే. సూది మర్చిపోవడం మాత్రం తన గడప తొక్కిందని ఆ రోజు అర్థమైంది.

ఆ రాత్రే గళ్ళు గీసి తొంభై రోజుల నడక పట్టిక తయారు చేసి గోడకి అంటించాను. చరిత్ర చదివినవాళ్ళకి తేదీలు వెయ్యడం బాగా వచ్చు.

మా ఇంటికి పది నిమిషాల దూరంలో పెద్ద తోట ఉంది. దాని చుట్టూ మట్టి బాట, బాటకి అటూ ఇటూ ఎత్తైన చెట్లు. మొదటి రోజు పొద్దున ఆరింటికి నాన్న తయారై బయటికి వచ్చాడు. మెడలో టేపు ఉంది.

"అదెందుకు నాన్నా?"

"లేకపోతే మెడ బోసిగా ఉంది తల్లీ."

తోటలో అడుగు పెట్టగానే ఆయన ఆగి, తల ఎత్తి చూశాడు. చెట్టు చిటారు కొమ్మ మీద ఏదో పచ్చ పిట్ట ఉంది. ముప్పై ఏళ్ళుగా నాన్న చూపు జానెడు దూరం దాటలేదు. కుట్టే గుడ్డ అంత దూరంలోనే ఉంటుంది కదా. "అంత పైన కూడా కనిపిస్తోందే," అన్నాడు మెల్లగా. గాలి చల్లగా ఉంది, తడి ఆకుల వాసన వస్తోంది. పని అయిపోయిందనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే అదే.

ఎందుకంటే ఆ తర్వాత చూపు పిట్ట మీంచి జనం మీదికి దిగింది. తోటలో నడిచేవాళ్ళంతా బట్టలు వేసుకునే నడుస్తారు. అది నేను ముందుగా ఆలోచించలేదు.

"ఆ నీలం చొక్కా చూడు. భుజం ఒకటి కిందికి ఉంది. మనిషిది కాదు, చొక్కాది." నాలుగడుగులు వేశాడు. "బాబూ, ఒక్క నిమిషం. మీ కుడి కాలు అంచు ఊడిపోతోంది. తట్టుకుని పడతారు." ఇంకో ఆరడుగులు. "ఈ ప్యాంటు ఎవరు కుట్టారమ్మా? ఎవరైతే ఏంలెండి, కాళ్ళు రెండూ ఒక పొడుగువే కదా మీవి?"

గంట అయ్యేసరికి మేము గేటు నుంచి మూడో చెట్టు దాకా వెళ్ళాం. నత్త మమ్మల్ని దాటిపోయిందని చెప్పను గానీ, ఉడతలు మాత్రం మేము కదలమని నమ్మకం కుదిరి కాళ్ళ దగ్గరే తిరిగాయి.

నాలుగో రోజుకి నాన్న సూదుల దిండు కూడా తెచ్చాడు. పదో రోజుకి మూడో చెట్టు కింద బెంచీ దుకాణమైంది. నడవడానికి వచ్చినవాళ్ళు రెండు రౌండ్లు కొట్టి, ఊడిన గుండీలు ఇచ్చి, మరో రెండు రౌండ్లు కొట్టి తీసుకెళ్ళేవాళ్ళు. ఊరంతా నడుస్తోంది, మా నాన్న తప్ప. నేను మాత్రం పట్టికలో ఏం వెయ్యాలో తెలియక, తోటకి వెళ్ళాడు కాబట్టి సగం టిక్కు పెడుతూ వచ్చాను.

"నాన్నా, మనం వచ్చింది దేనికి?"

"ఆరోగ్యానికి. చూడు, ఎంత మంచి గాలో." అని సూది కంటికి దగ్గరగా పెట్టుకుని, దారం కోసం చుట్టూ చూసి, నా చేతికే ఇచ్చాడు. దారం ఎక్కించాను.

ఆ పూటే డ్రిల్లు మాస్టారు వచ్చారు. బడి నుంచి రిటైరై పదేళ్ళయినా మెడలో విజిల్ తీయని మనిషి. వయసు డెబ్బై, నడక పాతిక. ఆయన ఆకుపచ్చ ట్రాక్ సూటు మోకాళ్ళ దగ్గర అద్దంలా అరిగిపోయి, లోపలి మోకాళ్ళు లీలగా కనిపిస్తున్నాయి. నాన్న చూసి తట్టుకోలేకపోయాడు.

"మాస్టారూ, ఒక్క నిమిషం ఆగండి. కొత్తది కుట్టిపెడతాను, కొలతలు ఇవ్వండి."

"ఆగను," అన్నారు మాస్టారు ఆగకుండా.

"ఆగకపోతే కొలత ఎలా తీసేది?"

"నలభై ఏళ్ళుగా ఈ బాట మీద నేను ఆగలేదు. వానొచ్చినా ఆగలేదు. నీ టేపు కోసం ఆగుతానా? కావలిస్తే నడుస్తూ తీసుకో." ఈ మాటలన్నీ పూర్తయ్యేసరికి ఆయన ఐదో చెట్టు దగ్గరున్నారు.

నాన్న బెంచీ మీంచి లేచాడు. గిరాకీ కళ్ళ ముందే నడిచిపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. టేపు తీసి వెంటపడ్డాడు. మాస్టారి వెనక సగం పరుగు, సగం నడక. టేపు వీపు మీద పెట్టేలోగా వీపు ముందుకు పోయేది. చెయ్యి కొలవబోతే అది ఊగి నాన్న చెవికి తగిలేది.

"చెయ్యి కాస్త నిలపండి మాస్టారూ."

"చెయ్యి ఊపకుండా నడిస్తే అది నడకా? నువ్వూ ఊపు."

"నేనూ ఊపితే టేపు ఎవరు పట్టుకుంటారు?"

"అది నీ వృత్తి. నన్నడుగుతావేం?"

ఆ రోజు ఒక రౌండంతా తిరిగితే వచ్చింది ఒక్క భుజం కొలత. అది కూడా రెండు రకాలుగా వచ్చింది. నాన్న బెంచీ మీద కూలబడి ఆయాసపడుతూ, "రేపు చెయ్యి పొడుగు పట్టేస్తా," అన్నాడు. పట్టికలో మొదటిసారి పూర్తి టిక్కు పెట్టాను.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. మా నాన్నని నడిపించడం నా వల్లా, డాక్టరమ్మ వల్లా, రక్తనాళాల వల్లా కాలేదు. ఆగని ఒక గిరాకీ వల్ల అయింది. రెండో వారం ఛాతీ, మూడో వారం చెయ్యి. కాలు పొడుగు కొలవడానికి వంగి నడవాల్సి వచ్చేది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. కొందరు అది కొత్త రకం వ్యాయామం అనుకుని వెనక చేరి తాము కూడా వంగి నడిచారు. మాస్టారు విజిల్ ఊది వాళ్ళని వరసలో పెట్టారు. నాన్న ఇంటికొచ్చి అమ్మకి చెప్పేవాడు: "నిలబెట్టి కొలిస్తే అది నిలబడేవాడి బట్ట. నడిచేవాడికి నడుస్తూనే కొలవాలి. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఏ టైలరుకీ తట్టలేదు."

అమ్మ ఊ కొడుతూ, ఆయన విడిచిన ప్యాంటు తీసుకుని లోపలికి వెళ్ళేది.

ఏడు వారాలు ఇలా గడిచాయి. గోడ మీద టిక్కులు వరసగా నిలబడ్డాయి. స్వీట్లు మానాడు, టీలో చక్కెర మానాడు. అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుంటున్నప్పుడు, ఒక ఉదయం నాన్న మంచం మీంచి లేవలేదు.

"ఆరయింది నాన్నా."

"రాను."

"ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళే బాగాలేదు. ఏడు వారాలు తిరిగాను. ఆ మాస్టారు నాతో మూడు చెరువుల నీళ్ళు తాగించాడు. ఫలితమేది?" లేచి నిలబడి ప్యాంటు నడుం పట్టీలోకి వేలు దూర్చబోయాడు. వేలు దూరలేదు. "చూడు. అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే. నడుం వెంట్రుకవాసి తగ్గలేదు. పొట్ట తగ్గనిది చక్కెర తగ్గుతుందా? అంతా దండగ. ఆవిడ చెప్పినట్టు సూది మర్చిపోవడమే నా రాత."

"కాటా మీద చూద్దాం పద నాన్నా."

"కాటాకేం తెలుసు? గుడ్డకంటే దానికి ఎక్కువ తెలుసా?"

మళ్ళీ పడుకుని గోడవైపు తిరిగాడు. గోడ మీద నా పట్టిక ఉండేసరికి ఇటువైపు తిరిగాడు. నాకేమో ఆయన ముఖం పీక్కుపోయినట్టు, మెడ సన్నబడినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. కానీ టైలరుతో గుడ్డ గురించి వాదించేంత చదువు నాకు లేదు.

అమ్మని అడుగుదామని పెరటి గదిలోకి వెళ్ళాను. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, నాన్న రెండో ప్యాంటు తిరగేసి, బ్లేడుతో వెనక కుట్టు విప్పుతోంది. నన్ను చూసి ప్యాంటు ఒడిలో దాచింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఏం లేదు. కాస్త వదులైంది. బిగిస్తున్నా."

"వదులైందా?"

"మరి? రెండు వారాలకోసారి వదులవుతోంది. ఇప్పటికి మూడుసార్లు బిగించాను."

నేను తలుపు పట్టుకున్నాను. "అమ్మా, వదులైనట్టు నాన్నకి తెలుసా?"

"ఆయనకెందుకు ఇవన్నీ? బిగుతైనప్పుడు మాత్రం చెప్పానా?" అని, అనేశాక నీళ్ళు నమిలింది.

అప్పుడు బయటపడింది. పందొమ్మిదేళ్ళుగా నాన్న ముప్పై నాలుగుకి కత్తిరిస్తే, అమ్మ కుట్టేటప్పుడు ఎంత కావాలో అంత వదిలేది. లోపలి గుడ్డ చాలనప్పుడు అదే రంగు ముక్క వెనకవైపు త్రికోణంగా అతికించేది. ఉతికేదీ ఇస్త్రీ చేసేదీ తనే కాబట్టి నాన్న ఒక్కసారి కూడా తన ప్యాంటు తిరగేసి చూడలేదు.

"గుండీ పట్టకపోతే చిన్నబుచ్చుకుంటారని," అంది అమ్మ. "పోనీ ఇప్పుడు వదులైతే, పేరున్న టైలరు ప్యాంటు జారుతూ రోడ్డెక్కితే నలుగురూ ఏమనుకుంటారు? నువ్వేం అలా చూడకు. నీ డ్రస్సులు కూడా రెండుసార్లు వదులు చేశాను."

ఆ రెండో సంగతి గురించి తర్వాత ఆలోచించుకోవాలని నిర్ణయించుకున్నాను. "రా, నాన్నకి చెబుదాం."

"కోప్పడతారే."

"కోపమైతే దిగుతుందమ్మా. కళ్ళు పోతే రావు."

అమ్మ ప్యాంటు పట్టుకుని వచ్చి, నాన్న మంచం మీద లోపలివైపు బయటికి పెట్టి పరిచింది. కుండ బద్దలు కొట్టినట్టు అంతా చెప్పింది.

నాన్న లేచి భూతద్దం తెచ్చుకుని, ప్యాంటు కిటికీ వెలుతుర్లో పెట్టుకుని చూడడం మొదలుపెట్టాడు. సూది గుచ్చిన పాత గుర్తులు వరసవరసలుగా ఉన్నాయి.

"ఇదెప్పటిది?"

"ఈ ప్యాంటు కుట్టిన ఏడే. అమ్మాయి డిగ్రీ పాసైనప్పుడు. వీధిలో అందరికీ స్వీట్లు పంచి, మిగిలినవన్నీ మీరే తిన్నారు."

"ఇది?"

"అమ్మాయికి ఉద్యోగం వచ్చినప్పుడు."

"మరి ఈ ముక్క?"

"మొదటి జీతం."

నా చదువు చరిత్ర అన్నాను కదా. దాన్ని ఎవరో నాన్న ప్యాంటు లోపల రాసిపెట్టారని నాకు అప్పటిదాకా తెలియదు.

నాన్న త్రికోణం ముక్క మీద బొటనవేలితో రాశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. కోప్పడతాడనుకుని అమ్మ కొంగు చివర మడతపెట్టుకుంటూ నిలబడింది.

"ఈ అతుకు వెయ్యడం నీకు ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు? మీరు వేస్తుంటే చూశాను."

"నేను వేస్తే బయటికి కాస్త ముడత కనిపిస్తుంది. దీనికి లేదు." భూతద్దం కింద పెట్టాడు. "ఇన్నేళ్ళు నా నడుం మీదే ఉంది. నాకే తెలీలేదు." ఇంకాసేపటికి, "సరే, ఇప్పుడు బిగించినవన్నీ విప్పు. చూద్దాం," అన్నాడు.

అమ్మ మూడు కుట్లూ విప్పింది. నాన్న అటు తిరిగి ప్యాంటు వేసుకుని, గుండీ పెట్టి, మా వైపు తిరిగి చేతులు వదిలాడు. ప్యాంటు తొందరపడలేదు. మర్యాదగా తొడల మీదుగా, మోకాళ్ళ మీదుగా దిగి మడమల మీద కూర్చుంది. కింద చారల నిక్కరు. అమ్మ "అయ్యో, పిల్ల ఉంది," అంటూ దుప్పటి అందుకుంది. నాన్న కిందికి చూసుకున్నాడు. ఆయన కళ్ళలో అంత ఆనందం నా డిగ్రీ రోజున కూడా చూడలేదు.

"జారింది," అన్నాడు. "చూశావా తల్లీ, జారింది. గుడ్డ అబద్ధం చెప్పదు. చెప్పించింది మీ అమ్మ."

ఆ పూటే తోటకి వెళ్ళాడు, ఎడం చేత్తో ప్యాంటు పట్టుకుని. ఎవరు పలకరించినా ముందు నడుం పట్టీ ముందుకి లాగి, లోపల ఎంత ఖాళీ ఉందో చూపించాడు. డ్రిల్లు మాస్టారికి కూడా చూపించాడు. ఆయన ఆగకుండానే చూసి, "ఒక చేత్తోనే ఊపుతున్నావు, రెండోది ఏమైంది?" అన్నారు.

ఆ తర్వాత ఆరు వారాలు ఆయన ఆ ప్యాంటుని అమ్మ చేతికి ఇవ్వలేదు. తనే ఉతుక్కున్నాడు. గిరాకీలు ఒకరిద్దరు ఆ వాలకం చూసి వేరే టైలరు దగ్గరికి వెళ్ళారు. వాళ్ళని వెనక్కి పిలవలేదు.

తొంభయ్యో రోజున ముగ్గురం ఆస్పత్రికి వెళ్ళాం. రక్తం, కళ్ళు, అన్నీ చూశాక డాక్టరమ్మ కాటా చూపించారు. నాన్న ప్యాంటు రెండు చేతులా పట్టుకుని ఎక్కాడు.

"చేతులు పక్కకి పెట్టి నిలబడండి."

"పెడితే బాగుండదు మేడం."

"ముల్లు ఊగుతోంది. చేతులు వదలండి."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ వెళ్ళి వెనక నుంచి నడుం పట్టీ పట్టుకుంది. నాన్న చేతులు వదిలి సైనికుడిలా నిలబడ్డాడు.

"అమ్మా, మీరలా పైకి లాగితే బరువు తగ్గుతుంది," అన్నారు డాక్టరమ్మ.

"వదిలితే పరువు తగ్గుతుంది డాక్టరు గారూ," అంది అమ్మ.

మొదటిసారి ఆవిడ నవ్వారు. లాగుడు పోను ఎనభై నాలుగని రాసుకున్నారు. కాగితాలు ముందు పెట్టుకుని, చక్కెర బాగా దిగిందనీ, కళ్ళు అప్పటికంటే పాడవలేదనీ, ఇలాగే ఉంటే సూది వదలక్కర్లేదనీ చెప్పారు. నాన్న ఆ చివరి ముక్క ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పారు. నా వైపు తిరిగి, "నువ్వు చదువుకున్నదానివి, రాసుకో," అన్నాడు. రాసుకున్నాను.

"మూడు నెలల తర్వాత రండి. ఈలోగా నడక ఆపకండి," అన్నారావిడ. "బెల్టు ఒకటి కొనుక్కోండి."

బయటికొచ్చాక బస్సు ఎక్కుదామంటే నాన్న వద్దన్నాడు. ఎండ ఇంకా ముదరలేదు. ముగ్గురం రోడ్డు పక్క చెట్ల కింద నడిచాం. నాన్న మధ్యలో, ఒక చెయ్యి నడుం మీద.

"బెల్టట," అన్నాడు కొంత దూరం పోయాక. "నా ప్యాంటుకి నేను బెల్టు పెట్టుకుంటే ఇంక ఆ దుకాణం ఎందుకు? కొత్తది కుట్టుకోవాలి." రెండడుగులు వేసి అమ్మతో అన్నాడు: "రేపు పొద్దున నేను తోటకి వెళ్ళాలి. తీరిక ఉండదు. దుకాణం తాళం నీకిస్తా. గుడ్డ నువ్వే కత్తిరించు."

అమ్మ ఆగిపోయింది. ముప్పై ఏళ్ళలో నాన్న తన కత్తెర ఇంకొకరికి ఇవ్వడం మేము ఎరగం. "నేనా? బల్ల మీద?"

"మరి నేల మీదా? ఇంటికెళ్ళాక కొలత తీసుకో. ఎంతుంటే అంత రాయి. మొహమాటపడకు."

"లోపల గుడ్డ ఎంత వదలమంటారు?"

"ఏమీ వదలకు," అన్నాడు నాన్న గట్టిగా. మలుపు దాకా నడిచాం. అక్కడ ఒకసారి నా వైపు చూశాడు, ఒకసారి పొట్ట వైపు చూసుకున్నాడు.

"సరే, అర అంగుళం వదులు," అన్నాడు.